ఏడో ఆటగాడు

ప్రొద్దుటూరు కాలేజీ గ్రౌండుకు పడమటి పక్క, గోడ కింద ఒక కడప బండ ఉండేది. కాలేజీ కట్టేటప్పుడు మెట్ల కోసం తెచ్చి, పగులుందని పక్కన పడేసిన బండ అది. మనిషికి మనిషి ఆనుకుంటే ఐదుగురు పట్టేవాళ్లు. సాయంత్రం పిల్లలు వాలీబాల్ నెట్టు కట్టే వేళకు ఆ ఐదుగురూ వచ్చి కూర్చునేవాళ్లు. నెట్టు విప్పి చుట్టేదాకా లేచేవాళ్లు కాదు. ఆడేవాళ్లు రాని రోజులున్నాయి గాని వీళ్లు రాని రోజు లేదు.

ఈ ఐదుగురిలో ఒక్కరూ ఎన్నడూ ఆట ఆడినవాళ్లు కాదు. అదే వాళ్ల బలం. ఒకప్పుడు ఆడినవాడికి తన ఆట గుర్తొచ్చి ఎదుటివాడి మీద కాస్త జాలి పుడుతుంది. వీళ్లకు ఆ అడ్డం లేదు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోవడం మంచిదా చెడ్డదా అనే సంగతిని వాళ్లు ఒక్క వారంలో తేల్చి అవతల పెట్టారు. నూరుల్లా బంతిని కొట్టేటప్పుడు రవ్వంత ముందే ఎందుకు ఎగురుతాడనేది మాత్రం రెండేళ్లయినా తేలలేదు.

బండ నడిమధ్య చోటు జయకర్ మాస్టరుది. ఆయన మిషన్ బడిలో ఐదో తరగతికి పాఠాలు చెప్పేవాడు. మనిషి సన్నం, గొంతు లావు. ఆ గొంతుకు బడిలో పెద్ద గిరాకీ లేదు. పిల్లలు దానికి అలవాటు పడిపోయారు. హెడ్మాస్టరు వినేవాడు కాదు. ఇంట్లో భార్య సుశీలమ్మ వినేది గాని, ఆమె వింటున్నప్పుడే జవాబు సిద్ధంగా ఉన్నట్టు కనిపించేది. ఒక్క గ్రౌండులోనే ఆ గొంతుకు ఒక పని ఉండేది.

"ముందుకు రా నూరుల్లా!" అని ఆయన అరిస్తే నూరుల్లా ముందుకు వచ్చేవాడు. "వెనక్కి పో!" అంటే వెనక్కి పోయేవాడు. ఆరడుగుల పిల్లవాడు తన మాటకు కదిలిన ఆ క్షణంలో మాస్టరు రొమ్ములో ఏదో వెచ్చగా తగిలేది. దానికి ఆయన పెట్టుకున్న పేరు ఆట మీద అభిమానం. ఎప్పుడైనా బంతి దొర్లుకుంటూ తన కాళ్ల దగ్గరికి వస్తే మాత్రం కాళ్లు పక్కకు తీసుకునేవాడు. పక్కవాడు అందుకుని విసిరేవాడు.

పక్కవాడంటే బట్టల అంగడి ఇనాయతుల్లా.

"వాడు ఎగిరేది చూడప్పా," అనేవాడు ఇనాయతుల్లా. "నెత్తిన సద్ది మూట పెట్టుకొని కాలవ దాటినట్టుండాది."

"ఎగిరేది కాదు మామా, దిగేది చూడు. దిగేటప్పుడు ఆలోచిస్తాండాడు. ఆటలో ఆలోచన యాడిది?" అనేవాడు మాస్టరు.

"ఆలోచించలేదని గదా నిన్న తిడితివి?"

"నిన్న ఆలోచించాల్సింది. ఈ పొద్దు కాదు."

బండ మీది మిగతావాళ్లు తలలూపేవాళ్లు. ఈ తేడా వాళ్లందరికీ అర్థమయ్యేది. అర్థం కానివాడు నూరుల్లా ఒక్కడే. వాడు బంతి కోసం గోడ దాకా వచ్చినప్పుడల్లా ఈ మాటలు విని, తల దించుకుని, "సరే సార్" అని పోయేవాడు.

ఆ ఏడాది కాలేజీ జట్టు జమ్మలమడుగు టౌన్ క్లబ్బు చేతిలో వరసగా మూడు మ్యాచులు ఓడిపోయింది. నాలుగోది పులివెందులలో ఆడాల్సి ఉంది. ప్రతి ఓటమి తర్వాతా బండ మీద విచారణ జరిగింది. ముద్దాయి ప్రతిసారీ నూరుల్లాయే. తీర్పు బండ మీద పుట్టి, ఇనాయతుల్లా అంగట్లో రవికె గుడ్డలతో పాటు చినిగి, పొద్దున్నే కొళాయి దగ్గరికి చేరేది.

ఒక సాయంత్రం నూరుల్లా తల్లి సైదాబీ మాస్టరు ఇంటికి వచ్చింది. ఆమె ఇండ్లకు బొంతలు కుట్టేది. వంటింటి గడప దగ్గర కూర్చుని సుశీలమ్మతో మాట్లాడుతుంటే లోపలి గదిలో మాస్టరు చొక్కా గుండీలు పెట్టుకుంటూ విన్నాడు.

"అక్కా, నా కొడుకేమన్నా దొంగతనం చేసినాడా? కొళాయి కాడ బిందె పెడితే ఒకామె అంటాది, నీ కొడుకు చేతుల్లో బలం లేదంట గదా, కూర వండి పెట్టు అని. ఇంగొకామె అంటాది, బలం శానా ఉండాది, బుద్ధే లేదంట అని. నేను ఆ ఆట ఎప్పుడూ చూసిందాన్ని గాదు. ఏమని చెప్పేది? వాడు అన్నం సరిగ్గా తినడంలే. పులివెందుల ఆటలో గూడా ఓడిపోతే ఆట బనీను కాలేజీకి ఇచ్చేసి వస్తాడంట. ఇంగ ఎప్పుడూ బంతి పట్టనంటాండాడు. వానికి ఆ బంతి తప్ప వేరే సంతోషం లేదక్కా."

మాస్టరుకు మొదట బాధ కలిగింది. నిజమైన బాధే. దాని వెనకాలే, ఒక గుండీ పెట్టేంత ఆలస్యంగా, ఇంకో ఆలోచన వచ్చింది: బండ మీద అన్న మాట కొళాయి దాకా పోతోందన్నమాట. ఈ రెండో ఆలోచనను చూసి ఆయన ఉలిక్కిపడ్డాడు. అయినా దాన్ని బయటికి పొమ్మనలేదు.

సైదాబీ వెళ్లాక సుశీలమ్మ గదిలోకి వచ్చింది. "ఇన్నారా?"

"ఇన్నా. వాని మంచికే గదా చెప్పేది. విమర్శ లేకుంటే మనిషి ఎట్ల బాగుపడతాడు?"

"మీరెట్ల బాగుపడినారో అట్లనే," అని ఆమె దీపం తుడవడానికి పోయింది.

తర్వాతి ఆదివారం ఆయన అత్తగారి ఊరైన జమ్మలమడుగులో చర్చికి పోయి, ఆరాధన అయ్యాక భోంచేసి, తిరుగు బస్సు కోసం నిలబడ్డాడు. అక్కడ కండక్టరు జమాల్ కనిపించాడు. టౌన్ క్లబ్బు కెప్టెను అతనే. పొట్టివాడు, ఎప్పుడూ నవ్వు ముఖం. చెయ్యి పట్టుకుని టీ అంగట్లోకి లాక్కుపోయాడు.

"తాగాల్సిందే మాస్టరూ. మా క్లబ్బు తరఫున."

"ఓడిపోయినోళ్లకు టీ ఏందప్పా?"

"ఓడింది నూరుల్లావాళ్లు. మీరు మా పక్క గదా."

మాస్టరు గ్లాసు కింద పెట్టాడు. జమాల్ ముందుకు వంగాడు.

"కోపం చేసుకోవద్దు. 'ముందుకు రా నూరుల్లా' అని మీరు అరుస్తారు. వాడు ముందుకొస్తాడు. వెనక ఖాళీ అయితాది, నేను వెనక్కి కొడతా. 'వెనక్కి పో' అంటారు. వాడు పోతాడు. నేను నెట్టు పక్కన్నే జారిడుస్తా. వాన్ని చూసేదే మానుకున్యా మాస్టరూ. మీ గొంతు వింటా ఆడతాండా. మూడు మ్యాచులు చెవులతో గెలిచినా. మాకు ఆరుగురు గాదు, ఏడుగురు. ఆ ఏడో ప్లేయరు మీరే."

"నాకెందుకు చెప్తాండావు మరి? పులివెందులలో నేను నోరు మూసుకుంటే?"

"మూసుకోలేరు," అన్నాడు జమాల్. ఆ మాటలో ఎగతాళి లేదు, ఒక రకమైన ప్రేమ ఉంది. "నేను రోజూ బస్సులో చూస్తాంటా. డ్రైవరు వెనక సీట్లో కూచున్నోడు మలుపు వచ్చినప్పుడల్లా బ్రేకు తొక్కుతాడు. నీ కాలి కింద బ్రేకు లేదు పెద్దాయనా అంటే, తెలుసులే అంటాడు. మళ్లీ మలుపొస్తే మళ్లీ తొక్కుతాడు. అందుకే ధైర్యంగా చెప్తాండా."

తిరుగు బస్సులో మాస్టరుకు డ్రైవరు వెనక సీటే దొరికింది. దారంతా కాలు కదలకుండా చూసుకున్నాడు. సిగ్గుతో ముఖం మండుతోంది. నూరుల్లా దించుకున్న తల, సైదాబీ గొంతు, ఒకదాని మీద ఒకటి గుర్తొచ్చాయి. మూడు మ్యాచులు పోయింది వాడి వల్ల కాదు, తన వల్ల.

తన వల్ల. ఆ మాటను మనసులో రెండోసారి అనుకున్నప్పుడు రుచి మారింది. ఇన్నేళ్లలో ఈ లోకంలో తన వల్ల జరిగింది ఇదీ అని చూపించుకునేందుకు ఆయన దగ్గర ఏమీ లేదు. బడిలో పిల్లలు ఆయన లేకపోయినా ఆరో తరగతికి పోయేవాళ్లే. ఇప్పుడు మూడు మ్యాచులు దొరికాయి. ఓటములైతేనేం, కారణం తానే. సిగ్గు అడుగున ఆ సంతోషం చల్లగా, నిశ్చింతగా కూర్చుని ఉంది. దాన్ని చూసి ఆయనకు మొదటిసారి తన మీద భయం వేసింది.

నూరుల్లాకు ఉన్న సంగతి చెప్పేస్తే సరిపోతుంది. 'నా మాట పట్టించుకోవద్దురా' అంటే చాలు. ఆ వాక్యాన్ని ఆయన ఇంట్లో సాధన చేశాడు. మొదలు బాగానే వచ్చేది. రెండో వాక్యానికల్లా, "అయినా నేనేదో అరిస్తే నువ్వెందుకు ఇన్యావు? సొంత బుద్ధి ఉండొద్దా? మూడు మ్యాచులు పాయె గదరా!" అని చెయ్యి ఊపుతూ నిలబడి ఉండేవాడు. ఎన్నిసార్లు మొదలుపెట్టినా క్షమాపణ విమర్శ అయ్యేది. చివరికి అది తన వల్ల కాదని ఒప్పుకున్నాడు. ఒక్కటే దారి మిగిలింది. పులివెందులలో నోరు తెరవకూడదు.

పులివెందులలో ఆట సంతకు వాడే మైదానంలో పెట్టారు. నాలుగు పక్కలా సున్నం గీతలు, గీతల మీదికి తోసుకొచ్చే జనం. బండ మీది ఐదుగురూ ప్రొద్దుటూరు నుంచి బస్సులో వచ్చి, ఇక్కడ బండ లేదు గనక ఒక ఎద్దుల బండి మీద కూర్చున్నారు. మాస్టరు దోవలో ఒక బత్తాయిల గంప దగ్గర ఆగి చీనీకాయలు కొన్నాడు. ఒలిచి, తొనలు రెండు మూడు కలిపి నోట్లో కుక్కుకుని దవడ బిగించాడు.

"ఏంది మాస్టరూ, బాలింతకు పెట్టినట్టు తింటాండావు?" అన్నాడు ఇనాయతుల్లా.

మాస్టరు తలాడించాడు.

ఆట మొదలైంది. మొదటి బంతి నూరుల్లా వైపు వచ్చింది. వాడు కదలలేదు. ఒక చెవి బండి వైపు పెట్టి అర క్షణం ఆగాడు. ఆ అర క్షణంలో బంతి కింద పడింది. నెట్టుకు అవతల జమాల్ పరిస్థితీ అంతకంటే మేలుగా లేదు. అతనూ మెడ ఒక పక్కకు వంచి నిలబడ్డాడు. వేళకు రావలసిన గొంతు రాకపోయేసరికి, చేతికి అందిన బంతిని ఎటు కొట్టాలో తెలియక గీత బయటికి కొట్టాడు. రెండు జట్ల మేటి ఆటగాళ్లూ చీకట్లో గోడ వెతుక్కునేవాళ్లలా ఆడుతుంటే, పులివెందుల జనం ఇదేం ఆటరా అని ఈలలు వేశారు.

"మాస్టరూ, అరువప్పా!" ఇనాయతుల్లా ఆయన మోచెయ్యి గుంజాడు. "వాడు నీ దిక్కే చూస్తాండాడు. నోట్లో ఏముండాది, ఉమ్మెయ్!"

మాస్టరు ఇంకో తొన కుక్కుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పులుపుకు కాదు. కాలేజీ పిల్లలు చేసే ప్రతి తప్పూ ఆయనకు కనిపిస్తోంది. ప్రతి తప్పుకూ ఒక మాట బొడ్డు దగ్గర పుట్టి, గొంతు దాకా వచ్చి, చీనీ తొనకు కొట్టుకుని వెనక్కి పోతోంది. తాను లేకుండా ఆట జరగడం ఇంత కష్టంగా ఉంటుందని ఆయన అనుకోలేదు. జరగకపోతే ఇంకొంచెం సుఖంగా ఉండేదేమో.

మొదటి గేము కాలేజీ ఓడిపోయింది. మంచినీళ్ల విరామంలో నూరుల్లా చెమట తుడుచుకుంటూ నేరుగా ఎద్దుల బండి దగ్గరికి వచ్చాడు.

"సార్, నామీద కోపమా?"

మాస్టరు నోరు నిండుగా ఉంది. తల అడ్డంగా ఊపాడు.

"మరి ఒక్క మాటన్నా అనరేంది? అంత అధ్వానంగా ఆడతాండానా? తిట్టేకి గూడా పనికిరానా?"

మాస్టరుకు ఏదో చెప్పాలనిపించింది. నోరు తెరిస్తే మొదటి వాక్యం క్షమాపణ అయినా రెండోది ఏమవుతుందో ఆయనకు తెలుసు. మళ్లీ తల ఊపాడు. దవడ పక్కనుంచి రసం గడ్డం మీదికి కారింది. నూరుల్లా ఆ ముఖాన్ని కాసేపు చూశాడు. వాడి కళ్లలో ఎన్నడూ లేనిది ఒకటి కనిపించింది, కోపం. "సరే సార్" అనకుండానే తిరిగి పోయాడు.

రెండో గేములో నూరుల్లా బండి వైపు ఒక్కసారీ చూడలేదు. చూడకూడదని పంతం పట్టినవాడి మెడలా వాడి మెడ బిగిసి ఉంది. బంతి ఎటు వస్తే అటు పోయాడు. రవ్వంత ముందే ఎగిరాడు. రెండేళ్లుగా బండ మీద తేలని ఆ ఎగురుడు, బంతిని అందరికంటే ఎత్తున అందుకోవడానికని మాస్టరుకు అప్పుడు అర్థమైంది. అర్థమైనందుకు చిరాకు వేసింది. ఆ గేము కాలేజీ గెలిచింది. తన మౌనం ఒక త్యాగమని మాస్టరు అనుకుంటున్నాడు. పిల్లవాడికి అది తగిలింది మాత్రం అన్నింటికంటే పెద్ద తిట్టులా. వాడు ఆడుతున్నది ఆ తిట్టుకు జవాబు.

మూడో గేము చివరికొచ్చింది. కాలేజీకి ఇంకొక్క పాయింటు చాలు. సర్వీసు వాళ్లదే. బంతి అవతలికి పోయింది. వాళ్లు అందుకుని జమాల్ కోసం ఎత్తుగా లేపారు. జమాల్ పరుగెత్తాడు. ఇవతల నూరుల్లా నెట్టుకు ఆనుకుని చేతులెత్తి నిలబడ్డాడు. వాడి వెనక అరకోర్టు ఖాళీ. ఒక చాప పరిచి పడుకోవచ్చునన్నంత ఖాళీ.

మాస్టరు ఆ ఖాళీని చూశాడు. "వెనక్కి!" అనే మాట ఆయన ప్రమేయం లేకుండా లేచింది. దాంతోపాటు ఒక చీనీ గింజ కూడా కదిలి అడ్డదారిలో పడింది. మాట రాలేదు. దగ్గు వచ్చింది. మైదానమంతా వినిపించే దగ్గు.

గాలిలో ఉన్న జమాల్ మెడ వెంట్రుకవాసి ఇటు తిరిగింది. వచ్చింది మాస్టరు గొంతే, సందేహం లేదు. తర్వాత మాట వస్తుందని అతను చెయ్యెత్తి ఎదురుచూశాడు. రెప్పపాటులో సగం. ఆ ఆలస్యంతోనే కొట్టాడు. బంతి నూరుల్లా రెండు అరచేతులకూ తగిలి, వచ్చిన దారినే కిందికి జారి, జమాల్ కాళ్ల దగ్గర పడింది.

జనం గీతలు తొక్కుకుంటూ లోపలికి వచ్చేశారు. కాలేజీ పిల్లలు నూరుల్లాను భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఎవరూ పట్టించుకోని బంతి దొర్లుకుంటూ ఎద్దుల బండి చక్రానికి తగిలి ఆగింది. ఇంకా దగ్గుతూనే దిగిన మాస్టరు దాన్ని తీశాడు. అది తాను అనుకున్నదాని కంటే చాలా తేలిగ్గా ఉంది. దాన్ని ఎవరికివ్వాలో తోచక కాసేపు అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

పొద్దు వాలుతుండగా రెండు జట్లూ, రెండు జట్ల అభిమానులూ ఒకే బస్సెక్కారు. ముద్దనూరు దాకా అందరిదీ ఒకటే దారి. అక్కడ విడిపోవాలి. బస్సు ఊరు దాటకముందే విచారణ మొదలైంది.

"నేనొక మాట అడుగుతా మాస్టరూ," అన్నాడు ఇనాయతుల్లా. "నువ్వు నోరు తెరిసింటే రెండు గేముల్లో అయిపోయేది గదా? మూడో గేము దాకా మా ప్రాణాలు తీస్తివి."

"అరవకపోతే పోనీ మామా," అందుకున్నాడు రహమాన్, సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపేవాడు. బండ మీద కుడివైపు చివరి చోటు అతనిది. "ఆఖరి పాయింటులో ఆ దగ్గేంది? పిల్లోడు అదిరిపోయి చేతులు అట్లనే పెట్టేసినాడు, దేవుని దయ కొద్దీ బంతి తగిలింది. లేకుంటే ఈ మనిషి దగ్గుకే ఓడిపోతాంటిమి."

"దగ్గేది గూడా చూడప్పా, ఆలోచించకుండా దగ్గినాడు," అన్నాడు ఇనాయతుల్లా.

"ఈ మద్దెన ఆట మీద మనసు లేదులే మాస్టరుకు," అన్నాడు బండ మీది ఇంకొకాయన.

మాస్టరు కిటికీలోంచి చూస్తున్నాడు. జవాబు చెప్పొచ్చు. చెబితే జమాల్ సంగతి చెప్పాలి, మూడు మ్యాచుల సంగతి చెప్పాలి. నేను అరవకపోవడం వల్లనే, నేను దగ్గడం వల్లనే, అని మొదలైతే గెలుపు కూడా తనదే అయిపోతుంది. నూరుల్లాకు మిగిలేది చేతులకు తగిలిన దెబ్బ ఒక్కటే. ఆయన తల దించుకున్నాడు. దించుకున్నాక, ఈ భంగిమ తాను ఎక్కడో చూశానని గుర్తొచ్చింది.

ముందు సీట్లో నూరుల్లా బనీను విప్పకుండానే కూర్చున్నాడు. ఈ మాటలు విని వెనక్కి తిరిగాడు. వాడి ముఖంలో కోపం పోయింది. గెలిచినవాడి ఉదారత వచ్చింది.

"సార్‌ను ఏమీ అనొద్దండి మామా. సార్‌కు ఒళ్లు బాగలేదు. రేపు ప్రాక్టీసుకు వస్తారులే."

రేపు ప్రాక్టీసు ఉందన్నమాట. బనీను కాలేజీకి పోదు. మాస్టరు ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. దాని పక్కనే, పిల్లవాడు తనను క్షమించాడన్న సంగతి ముల్లులా తగిలింది. దాన్నీ పట్టుకున్నాడు.

వెనక సీట్లోంచి జమాల్ వచ్చాడు. ఆ రోజు అతనికి సెలవు, భుజాన తోలు సంచి లేదు. అయినా అలవాటుకొద్దీ సీట్ల మధ్య ఏమీ పట్టుకోకుండానే నడిచి వచ్చి, మాస్టరు పక్కన వంగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"మీరు గెలిస్తిరి మాస్టరూ, నేనన్న మాట తప్పు. ఒక్కటి మాత్రం చెప్పండి. ఆ దగ్గు ఏంది? ముందుకా, వెనక్కా?"

వెనక్కి. ఆ మాట ఇప్పటికీ నాలుక కింద ఉంది. అది బయటపడి ఉంటే నూరుల్లా నెట్టు వదిలి వెనక్కి పరుగెత్తేవాడు. చేతులు అక్కడ ఉండేవి కావు. గింజ అడ్డం పడకపోతే నాలుగో ఓటమికీ తానే కారణం. ఈ సంగతి తెలిసినవాడు ఈ బస్సులో, ఈ లోకంలో, తానొక్కడే.

వాలీబాల్ గురించి ఎవరేమడిగినా జయకర్ మాస్టరు దగ్గర జవాబు లేని రోజు లేదు.

"తెలీదప్పా," అన్నాడు.

అప్పుడే బస్సు మలుపు తిరిగింది. ఆయన కుడికాలు కింది పలకను గట్టిగా తొక్కింది. జమాల్ ఆ కాలిని చూశాడు, మాస్టరు ముఖం చూశాడు, తన సీటుకు పోయాడు.